పొడపత్రా, మెంతులా, బెర్బెరినా: షుగరు, బీపీ, పొట్ట మూడూ కలిసొచ్చినవాళ్ళు ఏది కొనాలి

నెల్లూరు పొగతోటలో మందుల షాపులో కూర్చునేవాడికి ఒక సంగతి రోజూ కనపడుతుంది. డాక్టరు చీటీలో ఉన్నవన్నీ కట్టించుకుని, డబ్బులిచ్చి, మెట్టు దిగబోతూ ఆగి, కొంచెం గొంతు తగ్గించి, "అన్నా, ఇవి కాకుండా ఆకులతో చేసినవేమన్నా ఉంటే చెప్పు, సైడ్ ఎఫెక్ట్స్ లేనివి" అని అడుగుతారు. షుగరు కొద్దిగా, బీపీ కొద్దిగా, రక్తంలో కొవ్వు కొద్దిగా, పొట్ట మాత్రం బాగా ఉన్నవాళ్ళే వీళ్ళలో ఎక్కువ. డాక్టర్లు దీన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. 2021 మే నెలలో ఆనందయ్య మందు కోసం కృష్ణపట్నంలో జనం బారులు తీరిన జిల్లా మనది, ఆకు మీద మనకున్న నమ్మకం గురించి వేరే చెప్పాలా.

నమ్మకం సంగతి అట్లా ఉంచి, కొనేటప్పటి లెక్క మాట్లాడుకుందాం. నా లెక్క ఏంటంటే, ఒంట్లో నిజంగా పనిచేసే మొక్క ఏదైనా మందే, మందుకు తీసుకునే జాగ్రత్తలన్నీ దానికీ తీసుకోవాలి. ఏ ఇబ్బందీ పెట్టని మొక్కలు చాలావరకు పెద్దగా మేలు కూడా చేయవు. గట్టిగా పనిచేయాలి, సైడ్ ఎఫెక్ట్ మాత్రం ఒక్కటీ ఉండకూడదు అంటే ఆ సరుకు నా షాపులో లేదు, పెద్దబజారులో మూలికల అంగడిలోనూ లేదు. అసలు మీరు ఇంగ్లీషు మందు అని భయపడే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ పుట్టుక కూడా మొక్కతోనే మొదలైంది, యూరప్‌లో పెరిగే గలేగా అనే మొక్కలో షుగరు తగ్గించే పదార్థం ఉందని తెలిశాక, దాని పోలికలో ల్యాబులో చేసిన మందుల్లో ఇదొకటి. అందుకని మొక్క పేరు చూసి కొనకండి. మీకు ఏ అంకె తగ్గాలి, ఇప్పటికే ఏ మాత్రలు వేసుకుంటున్నారు, ఈ రెండూ చూసుకుని కొనండి.

ముందు టేపు, తర్వాత రిపోర్టు

ఒక కాగితం మీద ఐదు అంకెలు రాసుకోండి. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు చేరిందా (ఇవి దక్షిణాసియా వాళ్ళకు పెట్టిన హద్దులు, అమెరికా వాళ్ళ హద్దులు ఇంకా పైన ఉంటాయి). ట్రైగ్లిజరైడ్స్ అనే రక్తంలోని కొవ్వు 150 గానీ ఆపైన గానీ ఉందా. మంచి కొవ్వు అనే హెచ్‌డీఎల్ మగవాళ్ళకు 40, ఆడవాళ్ళకు 50 కన్నా తక్కువ ఉందా. బీపీలో పై అంకె 130 గానీ కింది అంకె 85 గానీ చేరిందా. పరగడుపు షుగరు 100 చేరిందా. ఐదింట్లో ఏ మూడు ఉన్నా మెటబాలిక్ సిండ్రోమ్ కిందే లెక్క, మాత్ర వేసుకుంటే బీపీ మామూలుగా ఉంటోంది అన్నా సరే, అది ఉన్నట్టే.

నడుము అంటే ప్యాంటు సైజు అనుకోవద్దు. మనవాళ్ళు బెల్టును బొజ్జ కిందికి జార్చుకుని "34 సైజే కదన్నా" అంటారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ టేపు చుట్టి, ఊపిరి వదిలాక చూడాలి. ఆ 34 వాళ్ళకు చాలామందికి అక్కడ 40 అంగుళాలు వస్తాయి, 90 సెంటీమీటర్లంటే 35న్నర అంగుళాలే మరి.

వీటితో పాటు మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, లివరు కోసం ఎస్‌జీపీటీ, కిడ్నీ కోసం క్రియాటినిన్ చేయించుకోవాలి, ఏ క్యాప్సూలైనా మొదలుపెట్టకముందే. ముఖ్యంగా కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకు క్రియాటినిన్ చూడకుండా ఏదీ చెప్పడం నాకిష్టం ఉండదు. ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ప్రాంతం, కిడ్నీ జబ్బుల మాట ఎక్కువ వినపడే ప్రాంతం. మూలిక మందులన్నీ చెడ్డవని కాదు, మొదలుపెట్టేనాటికి కిడ్నీ ఎట్లా ఉందో తెలియకపోతే తర్వాత తేడా వచ్చినా ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేరు.

బెర్బెరిన్

ఫోన్లో రీల్స్ చూసి వచ్చేవాళ్ళు ముందు అడిగేది ఇదే. 'ప్రకృతి ఇచ్చిన ఒజెంపిక్' అని ప్రచారం చేశారు కదా. ఒజెంపిక్ అంటే షుగరుకు, బరువుకు వాడే ఇంజెక్షన్. బరువు విషయంలో దానికీ దీనికీ పోలికే లేదు, దీనితో తగ్గేది మహా అయితే రెండు మూడు కిలోలు, అది కూడా అందరికీ కాదు. కానీ షుగరు, కొవ్వుల విషయంలో మొక్కల్లో కాస్త గట్టి పిండం ఇదే అని ఒప్పుకోవాలి.

మాను పసుపు అంటారే, ఆయుర్వేదంలో దారుహరిద్ర, దాని చెక్కలో, వేరులో ఉండే పసుపుపచ్చ పదార్థం బెర్బెరిన్. మనం కూరల్లో వేసుకునే పసుపుతో దీనికి సంబంధం లేదు. 2008లో చైనాలో జరిగిన ఒక పరిశోధనలో కొత్తగా షుగరు బయటపడ్డ 36 మందిని రెండు భాగాలు చేసి, కొందరికి బెర్బెరిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, మిగతావాళ్ళకు మెట్‌ఫార్మిన్ అంతే మోతాదు ఇచ్చారు. మూడు నెలల్లో బెర్బెరిన్ వాళ్ళ హెచ్‌బీఏ1సీ సగటున 9.5 నుంచి 7.5కు వచ్చింది, దాదాపు మెట్‌ఫార్మిన్‌తో సమానం. తర్వాత వచ్చిన పరిశోధనల్లో కూడా షుగరు, ట్రైగ్లిజరైడ్స్, చెడ్డ కొవ్వు అనే ఎల్‌డీఎల్ తగ్గినట్టే కనపడింది. అయితే అవి ఎక్కువగా చైనావే, చిన్నవే, కొన్ని నెలల పాటు చూసి ఆపేసినవే. పదేళ్ళు వాడితే గుండెపోటు తగ్గుతుందా అంటే జవాబిచ్చే పరిశోధన లేదు, మెట్‌ఫార్మిన్‌కు, కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్రలకు ఉంది. కొనేముందు తూచాల్సిన తేడా ఇది.

ఇక ఇబ్బందులు. పైన చెప్పిన పరిశోధనలోనే బెర్బెరిన్ వాడినవాళ్ళలో సుమారు మూడో వంతు మందికి కడుపు సమస్యలు వచ్చాయి, విరేచనాలు, మలబద్ధకం, గ్యాస్, కడుపులో మెలి. మొదట రోజుకు ఒక క్యాప్సూల్‌తో, భోజనంతో పాటు మొదలుపెట్టి, ఒంటికి పడితేనే రెండుకు, మూడుకు వెళ్ళాలి. అంతకన్నా పెద్ద విషయం, మందుల్ని విరిచే లివరు ఎంజైముల్ని ఇది అడ్డుకుంటుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు వాడే సైక్లోస్పోరిన్ రక్తంలో పెరిగిపోతుంది. అటోర్వాస్టాటిన్ లాంటి కొన్ని స్టాటిన్లు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, కొన్ని గుండె మాత్రలు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. షుగరు మాత్ర గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ దీన్ని కలిపితే షుగరు పడిపోవచ్చు, చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరుగుతాయి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అసలే వద్దు, పుట్టిన బిడ్డకు పచ్చకామెర్లు ముదిరి మెదడుకు ప్రమాదం రావచ్చు.

నెలకు బ్రాండును బట్టి ఏడెనిమిది వందల నుంచి పదిహేను వందల దాకా అవుతుంది. అదే పనిచేసే జనరిక్ మెట్‌ఫార్మిన్ జన ఔషధిలో మాత్ర ఒకటి రూపాయికి అటూ ఇటూ. "మాత్రకు అలవాటు పడతానేమో" అని దానికి బదులు బెర్బెరిన్ కొంటే మీరు చేస్తున్నది ఒక మాత్ర మానేసి ఖరీదైన ఇంకో మాత్రకు మారడమే. మెట్‌ఫార్మిన్ కడుపుకు పడక నిజంగా మానేయాల్సి వచ్చినవాళ్ళో, షుగరు హద్దు మీద ఉండి ట్రైగ్లిజరైడ్స్, ఎల్‌డీఎల్ రెండూ ఎక్కువున్నవాళ్ళో డాక్టరుతో మాట్లాడి చూడదగింది, అంతవరకే.

మెంతులు

నన్ను ఒక్కటే చెప్పమంటే మెంతులే చెబుతాను, నా షాపులో నాకు దానిమీద రూపాయి మిగలకపోయినా.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 1980ల నుంచే మెంతుల మీద పనిచేశారు. టైప్ 2 షుగరు ఉన్నవాళ్ళకు రోజుకు 25 గ్రాముల మెంతి పొడి ఇచ్చి చూశారు, షుగరు, కొలెస్ట్రాల్ తగ్గాయి. 2015లో అచ్చయిన మరో పరిశోధనలో ప్రీడయాబెటిస్ ఉన్న, అంటే షుగరు హద్దు మీద ఉన్న 140 మందిని తీసుకుని సగం మందికి రోజుకు 10 గ్రాముల మెంతి పొడి, పొద్దున 5, రాత్రి 5, తిండికి ముందు, మూడేళ్ళు ఇచ్చారు. మెంతులు తీసుకోనివాళ్ళు షుగరు రోగులయ్యే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. మూడేళ్ళ పాటు మొక్క సరుకును పరీక్షించిన దాఖలాలు ఈ రంగంలో అరుదు, ఆ ఒక్క కారణానికే దీనికి ఎక్కువ మార్కులు వేస్తాను.

పనిచేసే తీరు కూడా ఇందులో దాపరికం లేదు. గిన్నెలో రెండు చెంచాల మెంతులు నానేసి పొద్దున చూడండి, గింజ ఉబ్బి చుట్టూ జిగురు పడుతుంది, వేళ్ళ మధ్య సాగుతుంది. ఆ జిగురు పీచే కడుపులో అన్నం అరుగుదలను నెమ్మది చేసి షుగరు ఒక్కసారిగా ఎగబాకకుండా చూస్తుంది. అందుకే నీళ్ళు మాత్రం తాగి గింజలు పారేసేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది, అసలు సరుకు అవతల పారబోసి కడిగిన నీళ్ళు తాగుతున్నారు. గింజతో సహా నమలాలి, లేదా పొడి చేసుకుని మజ్జిగలో కలుపుకోవాలి.

మరి మెంతుల ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్స్ సంగతేంటి? జైపూర్‌లో రోజుకు ఒక గ్రాము మెంతి సారం రెండు నెలలు ఇచ్చి చూసిన చిన్న పరిశోధన 2001లో వచ్చింది, అందులో ట్రైగ్లిజరైడ్స్ తగ్గి హెచ్‌డీఎల్ పెరిగింది. చేదు అసలు పడనివాళ్ళు, ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్ళు క్యాప్సూల్ కొనుక్కోవచ్చు. మిగతావాళ్ళకు 10 గ్రాముల చొప్పున నెలకు 300 గ్రాముల మెంతులు చాలు, స్టోన్‌హౌస్‌పేటలో కొంటే యాభై రూపాయలు కూడా దాటవు.

ఇబ్బంది లేదా అంటే ఉంది. గ్యాస్ వస్తుంది, కొందరికి విరేచనం పలచబడుతుంది, చెమటకూ మూత్రానికీ మెంతి వాసన వస్తుంది, ఇంట్లోవాళ్ళు చెబితే కంగారు పడకండి. శనగ, వేరుశనగ పడనివాళ్ళకు ఇది కూడా పడకపోవచ్చు, అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు మాత్రకూ మెంతి పొడికీ నాలుగు గంటల ఎడం ఉంచాలి, ఇసబ్‌గోల్‌కూ ఇదే మాట. గర్భిణులు పోపులో వేసుకునేదాంతో సరిపెట్టుకోవాలి, చెంచాల లెక్కన వద్దు.

పొడపత్రి

దీని మాయ చూసినవాడికే తెలుస్తుంది. పచ్చి పొడపత్రి ఆకు రెండు మూడు నమిలి, నోరు పుక్కిలించి, మన మలై కాజా ఒక ముక్క నోట్లో వేసుకోండి. తీపి ఉండదు. పాలకోవా వాసన వస్తుంది, నెయ్యి నాలుకకు తగులుతుంది, పంచదార మాత్రం ఇసకలా పళ్ళ కింద కరకరమంటుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోట్లను కాసేపు మూసేస్తాయి, అరగంటో గంటో ఉండి పోతుంది.

నాలుక మీద ఇంత పనిచేసింది కాబట్టి రక్తంలో కూడా ఇట్లాగే చేస్తుందని జనం అనుకుంటారు, అక్కడే లెక్క తప్పుతుంది. 1990లో మద్రాసులో 22 మంది షుగరు రోగులకు రోజుకు 400 మిల్లీగ్రాముల సారం ఏడాదిన్నరకు పైగా మామూలు మాత్రలతో పాటు ఇచ్చారు, షుగరు తగ్గింది, కొందరికి మాత్రలు తగ్గించారు. వినడానికి బాగుంది కానీ ఎవరికి ఏది ఇచ్చేదీ చీటీలు వేసి పంచిన పరిశోధన కాదది. 2017లో మెక్సికోలో సరిగ్గా మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళ మీదే, ఉత్తుత్తి క్యాప్సూల్‌తో పోల్చి, 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు 12 వారాలు ఇచ్చారు. బరువు కొంచెం తగ్గింది, ఇన్సులిన్ పనితీరులో తేడా రాలేదు.

నా సలహా, తీపి చూస్తే చేయి ఆగనివాళ్ళకు పొడపత్రి పనికొస్తుంది, సాయంత్రం నాలుగు గంటలకు టీతో పాటు బిస్కెట్లు లాగించేవాళ్ళకు, ఫంక్షన్లకు వెళ్ళేముందు. ఆకు నమిలినా పొడి నాలుక మీద రాసుకున్నా చాలు. క్యాప్సూల్ మింగితే ఈ లాభం రాదు, నాలుకకు తగలదు కదా. షుగరు తగ్గించే మాత్రకు బదులుగా మాత్రం దీన్ని వాడకండి. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాళ్ళకు పైన చెప్పిన హెచ్చరిక ఇక్కడ కూడా.

ఉసిరి, పసుపు, దాల్చిన చెక్క

ఉసిరిని మనం తక్కువ చేసి చూస్తాం. హైదరాబాద్ నిమ్స్‌లో మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకు ఉసిరి సారం 250 మిల్లీగ్రాములు కొందరికి, 500 కొందరికి, రోజుకు రెండుసార్లు 12 వారాలు ఇచ్చారు, ఇంకొందరికి ఉత్తుత్తి క్యాప్సూల్. 2019లో ఫలితాలు అచ్చయ్యాయి: రక్తనాళాల పనితీరు, కొవ్వులు మెరుగుపడ్డాయి, 500 వాళ్ళలో ఎక్కువగా. చిన్న పరిశోధనే, అరవై మంది లోపే చివరిదాకా ఉన్నారు. కానీ మన తెలుగువాళ్ళ మీద, మన సమస్య మీద, పద్ధతిగా చేసింది కాబట్టి కొవ్వులు ఎక్కువున్నవాళ్ళకు మెంతుల తర్వాత రెండో పేరుగా చెబుతాను. ఉసిరికాయ పచ్చడి మాత్రం ఈ లెక్కలోకి రాదు, అందులో ఉప్పు, నూనె ఎంత పోస్తామో మనకు తెలుసు. బెల్లం పాకంలో మునిగిన ఉసిరి మురబ్బా అయితే షుగరు వాళ్ళకు శత్రువే.

పసుపు వంటలో వేసుకోండి, క్యాప్సూల్ దగ్గర ఆగండి. వంట పసుపులో కర్‌క్యుమిన్ నూటికి మూడు పాళ్ళు ఉంటే ఎక్కువ, క్యాప్సూల్‌లో 95 పాళ్ళ సారం ఉంటుంది, దానికి మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలుపుతారు. పైపరిన్ కలిపితే కర్‌క్యుమిన్ ఇరవై రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు చూపించారు, అమ్మేవాళ్ళంతా ఆ మాటే పట్టుకున్నారు. థాయిలాండ్‌లో ప్రీడయాబెటిస్ వాళ్ళ మీద మంచి ఫలితాలు వచ్చిన మాట నిజమే. కానీ ఇటలీలో, అమెరికాలో ఈ క్యాప్సూల్స్ వాడినవాళ్ళలో కొందరికి లివరు దెబ్బతింది, అమెరికా కేసుల్లో ఒకరు చనిపోయారు కూడా. ఇప్పుడు నెల్లూరులో పొట్ట స్కానింగ్ తీయించుకున్నవాడల్లా 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' కాగితం పట్టుకుని వస్తున్నాడు. ఆ లివరు కోసమే కర్‌క్యుమిన్ కొంటామంటారు. కొంటే ముందు ఒకసారి, ఆరు వారాలకు ఒకసారి ఎస్‌జీపీటీ చూపించుకోండి. పైపరిన్ మిగతా మందుల్ని కూడా రక్తంలో ఎక్కువ చేస్తుంది, ఫిట్స్ మాత్ర ఫెనిటాయిన్ వాడేవాళ్ళు దూరంగా ఉండాలి.

దాల్చిన చెక్క వద్దంటాను. కిరాణా కొట్లో దొరికే దళసరి ముదురు చెక్క చాలావరకు కాసియా, అందులో కూమరిన్ ఎక్కువ, రోజూ చెంచాల లెక్కన తింటే లివరుకు మంచిది కాదు. పల్చగా, చుట్ట మీద చుట్టగా ఉండే సిలోన్ చెక్కలో కూమరిన్ తక్కువే కానీ షుగరు తగ్గుతుందా అన్నదానికి ఒక పరిశోధన ఒకలా, ఇంకోటి ఇంకోలా చెబుతున్నాయి. నేరేడు గింజల పొడి, కాకర క్యాప్సూల్స్ కూడా ఇంతే. కాకరకాయ కూర వండుకోండి.

బీపీ మీదే ఎక్కువ దిగులుంటే

పై మొక్కలేవీ బీపీకి పెద్దగా సాయపడవు. దానికి రెండు చూడొచ్చు. ఒకటి వెల్లుల్లి సారం, నిల్వ చేసి మాగబెట్టిన రకం, బీపీ ఎక్కువున్నవాళ్ళలో పై అంకెను ఎనిమిది పాయింట్లకు అటూ ఇటూ తగ్గించినట్టు పరిశోధనలున్నాయి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వాడేవాళ్ళకు రక్తం గడ్డకట్టడం ఇంకా ఆలస్యమవుతుంది, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు సొంతంగా మొదలుపెట్టొద్దు. రెండోది మన గోంగూర కుటుంబంలోదే, ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే ఎర్రటి దళసరి రేకులతో కాచే టీ, రోజుకు మూడు కప్పులు ఆరు వారాలు తాగినవాళ్ళకు పై అంకె ఏడు పాయింట్లు తగ్గిందని 2010లో అమెరికాలో తేలింది. గోంగూర పచ్చడి తింటే చాలదా అంటారు. చాలదు, ఆ ఉప్పుకు బీపీ పెరుగుతుంది.

ఇక్కడ ఎవరూ చూడని ఉచ్చు ఒకటి ఉంది. దగ్గు, గ్యాస్, 'రోగనిరోధక శక్తి' మిశ్రమాల్లో అతిమధురం విరివిగా వేస్తారు. రోజూ తీసుకుంటే అది బీపీని పెంచుతుంది, పొటాషియంను తగ్గిస్తుంది. మూడు రకాల మాత్రలు వాడినా బీపీ దిగడం లేదని డాక్టరు తల పట్టుకునే మనిషి ఇంట్లో అతిమధురం డబ్బా ఉండొచ్చు.

వీటి జోలికి వద్దు

బరువు తగ్గించే గార్సీనియా క్యాప్సూల్స్, గ్రీన్ టీ సారం క్యాప్సూల్స్, రెండిటికీ లివరు దెబ్బతిన్న కేసులున్నాయి. గ్రీన్ టీ తాగితే ఏం కాదు, కానీ సారంలో ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు చేరితే లివరు ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. తిప్పతీగ కోవిడ్ కాలంలో ఇంటింటికీ చేరింది, షుగరుకు మంచిదని ఇప్పటికీ కషాయం కాచుకుంటున్నారు. ముంబైలో, ఆ తర్వాత దేశంలో ఇంకొన్ని చోట్ల డాక్టర్లు దాంతో లివరు దెబ్బతిన్న కేసులు రాశారు. ఆయుష్ శాఖ ఆ మాట ఒప్పుకోలేదు. వాళ్ళ వాదన వాళ్ళది, నేనైతే కొన్ని థైరాయిడ్ జబ్బుల్లాంటి ఆటో ఇమ్యూన్ జబ్బు (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడేది), లివరు జబ్బు ఉన్నవాళ్ళకు అమ్మను.

సీసా వెనక్కి తిప్పండి

మొన్న ఒకాయన కావలి నుంచి తెచ్చి చూపించిన సీసా ముందువైపు పెద్ద అక్షరాల్లో వెయ్యి మిల్లీగ్రాములు అని ఉంది. వెనక చిన్న అక్షరాల్లో, ఆ వెయ్యి రెండు క్యాప్సూల్స్‌కు కలిపి. అంటే ఒక దాంట్లో 500. ఆ 500లో మొక్కలు పదకొండు, దేనికెంతో రాయలేదు, 'ప్రత్యేక మిశ్రమం' అన్నారు. సమానంగా పంచినా ఒక క్యాప్సూల్‌లో పొడపత్రికి వచ్చేది 45 మిల్లీగ్రాములు, రెండు వేసుకున్నా 90, మద్రాసు పరిశోధనలో రోజుకు వాడింది 400. పైగా అది సారమా, ఎండబెట్టి కొట్టిన పొడా అన్నది కూడా లేదు. ఆయన నెలకు రెండు వేలు పెడుతున్నాడు.

ఒకటే మొక్క, సారం అని స్పష్టంగా, అందులో అసలు పదార్థం నూటికి ఎంతో రాసినదే కొనండి, జిమ్నెమిక్ ఆమ్లాలు 25 శాతం, బెర్బెరిన్ 97 శాతం, ఇట్లా. ఫుడ్ సప్లిమెంట్ అయితే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, ఆయుర్వేద మందయితే తయారీ లైసెన్స్ నంబరు ఉండాలి. సప్లిమెంట్ సీసా మీద ఇది వైద్యానికి కాదు అన్న మాట కూడా ఉంటుంది, చట్టం అట్లా రాయమంది, దాని పక్కనే అమ్మేవాడు 'షుగరుకు శాశ్వత పరిష్కారం' అంటుంటే అక్కడే అర్థం చేసుకోండి. షుగరు, ఊబకాయం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

ఊళ్ళలో పొట్లాల్లో అమ్మే పేరులేని పొడులు ఇంకో కథ. "వారంలో 280 నుంచి 130కి వచ్చిందన్నా" అని ఎవరన్నా చెబితే నేను సంతోషించను, భయపడతాను. ఏ ఆకూ అంత వేగంగా దించదు. మూలికా షుగరు మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్ అనే ఇంగ్లీషు మాత్ర కలిపి పట్టుబడ్డ సంఘటనలు పలు దేశాల్లో ఉన్నాయి. అది వేసుకుంటున్నానని తెలియకుండా దాంతోపాటు డాక్టరు మాత్ర కూడా వేసుకుని రాత్రి అన్నం మానేస్తే మనిషి తెల్లారేసరికి స్పృహలో ఉండకపోవచ్చు.

మరి ఎవరు ఏది

విడవలూరు వైపు రొయ్యల గుంటలు చూసుకునే నలభై ఏళ్ళ మనిషి, ట్రైగ్లిజరైడ్స్ 290, పొట్ట 102 సెంటీమీటర్లు, షుగరు 108, మందులేవీ లేవు. ఇతను మొదట బీరు, రాత్రి అన్నం తగ్గించాలి, ట్రైగ్లిజరైడ్స్‌కు వాటిని మించిన మందు లేదు. తోడుగా మెంతి పొడి 10 గ్రాములు. మూడు నెలల తర్వాత ఇంకా 200 పైన ఉంటే అప్పుడు ఉసిరి సారమో, డాక్టరు ఒప్పుకుంటే బెర్బెరినో.

ఒంగోలులో రిటైరైన టీచరు, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, అటోర్వాస్టాటిన్, ఆస్పిరిన్ నాలుగూ వాడుతున్నారు. ఈ మేడంకు బెర్బెరిన్, పొడపత్రి, వెల్లుల్లి సారం మూడూ వద్దు. మెంతులు కూడా కొంచెంతో మొదలుపెట్టి ఇంట్లో గ్లూకోమీటరుతో చూసుకుంటూ పెంచాలి, షుగరు బాగా దిగితే గ్లిమెపిరైడ్ తగ్గించమని డాక్టరును అడగాలి, తనకు తానుగా మానేయకూడదు.

మూడోది, ముప్పై ఐదేళ్ళ ఆడమనిషి, కాన్పులో షుగరు వచ్చి పోయింది, ఇప్పుడు పరగడుపు షుగరు 104, హెచ్‌డీఎల్ 38, నడుము 88. ఇట్లాంటివాళ్ళకు ఏ సీసా అవసరం లేదనే నా అభిప్రాయం. మనకు దగ్గర్లో చెన్నైలో చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, షుగరు హద్దు మీద ఉన్నవాళ్ళు నడక, తిండి మార్చుకుంటే షుగరు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ ఇస్తే 26.4 శాతం. మళ్ళీ గర్భం అనుకుంటుంటే సారాల పేరే ఎత్తొద్దు.

ఏది ఎంచుకున్నా ఒకసారికి ఒకటే మొదలుపెట్టండి, 12 వారాలకు అవే పరీక్షలు అదే ల్యాబులో చేయించండి, హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు కాబట్టి అంతకు ముందు చూసి లాభం లేదు. అంకె కదలకపోతే ఆపేయండి, ఇంకో సీసా వాడితే కదులుతుందేమో అనుకోవద్దు. మధ్యలో కళ్ళు పచ్చబడినా, మూత్రం టీ రంగులో వచ్చినా, ఒళ్ళంతా దురద పెట్టినా అదే రోజు ఆపి ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ చేయించుకోండి. ఆపరేషన్ ఉందంటే రెండు వారాల ముందే మానేసి, మత్తు డాక్టరుకు పేరు చెప్పండి. పేరు గుర్తుండదనుకుంటే సీసా వెనక వైపు ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి, మా షాపుకు వచ్చినా ఆ ఫోటో చూపిస్తే చాలు.